ఇంజిన్ కొత్తగా కట్టించిన సూపర్‌ఛార్జర్ కారుకి ఏ ఆయిల్ పొయ్యాలి?

సూపర్‌ఛార్జర్ ఉన్న పాత కారుకి ఇంజిన్ మొత్తం విప్పి కట్టించాను, 5డబ్ల్యూ-30 మంచిదా, 10డబ్ల్యూ-40 మంచిదా, 20డబ్ల్యూ-50 మంచిదా అని అడిగారు. నేను మెకానిక్‌ని కాదు. ఒరిస్సాలోని జయపురంలో బట్టల కొట్టు నాది. కానీ ఈ ప్రశ్న మూలంగా మా ఇంట్లో మూడు నెలలు ఎవరికీ అన్నం సయించలేదు. అందుకని నాకూ చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

మా బావ విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో మెర్సిడెస్ సి 200 కొంప్రెసర్ కొన్నాడు. సూపర్‌ఛార్జర్‌ని, అంటే ఇంజిన్‌లోకి గాలిని అదనంగా తోసే పంపుని, జర్మన్ భాషలో అలా అంటారు. డిక్కీ మీద ఆ అక్షరాలు చూసి మా వీధిలో సగం మంది అది ఏసీ గురించి రాశారనుకున్నారు. "లోపల బాగా చల్లగా ఉంటుందేమో బాబూ" అని ఎదురింటి మామ్మ రెండుసార్లు ఎక్కి కూర్చుంది కూడా.

వానాకాలంలో సాలూరు నుంచి తిరిగొస్తూ సుంకి ఘాట్లో బావ ఇంజిన్ అడుగున నూనె ఉండే సంపుని రాయికి కొట్టాడు. మీటర్లో నూనె గుర్తున్న ఎర్ర దీపం వెలిగింది. పక్కన కూర్చున్న నేను "బావా, ఆపు" అన్నాను. "పొట్టంగి దాకా లాగేద్దాం, అక్కడ ఎవడో ఒకడు చూస్తాడు" అన్నాడు. ఆ దీపం వెలిగాక బండి నడపకూడదని కారు కొన్నవాడికి తెలియదు, పక్కవాడికి తెలుసు. మా ఇంట్లో అన్నీ ఇలాగే. కాసేపటికి టకటకమని చప్పుడు మొదలైంది. ఆ తర్వాత చప్పుడు కూడా లేదు, ఇంజిన్ పట్టేసింది. లారీకి కట్టి తెచ్చాం.

విప్పి చూస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే బేరింగ్ షెల్స్ అరిగి రేకుల్లా లేచిపోయాయి, క్రాంక్ మీద గీతలు పడ్డాయి. క్రాంక్‌ని విశాఖ పంపి గ్రైండింగ్ చేయించాం. దానికి సరిపోయే అండర్‌సైజు షెల్స్, కొత్త రింగులు తెప్పించి, సిలిండర్లకి హోనింగ్ చేయించాం. కట్టింది మా ఊరి మిస్త్రీయే. ఒరియా ఆయన, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. "బెంజి అయితే ఏంటి బాబూ, నాలుగు పిస్టన్లే కదా" అన్నాడు. ఆ ధైర్యం నాకు నచ్చింది.

ఇక అసలు గొడవ. బావ వెళ్లి కొట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా ఖరీదైన 0డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ తెచ్చి పోయించాడు. ఇంజిన్ కొత్తది కదా, అలవాటు పడాలి అని వారం రోజులు పొద్దున్నే పెరట్లో రెండేసి గంటలు ఐడిల్‌లో ఉంచాడు. చంటిపిల్లని జోకొట్టినట్టు పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. ఆ పొగకి మా అక్క ఒడియాలు పాడయ్యాయని వేరే యుద్ధం.

ఎనిమిదో రోజు కొరాపుట్ బయల్దేరాం. జయపురం దాటి ఘాట్ ఎక్కుతుంటే అద్దంలో వెనక రోడ్డు కనపడలేదు, అంతా నీలం పొగ. వెనకున్న బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పైకెళ్లి గేజి తీసి చూస్తే పై గీత దగ్గరుండాల్సిన నూనె కింది గీతకి దిగిపోయింది. బావ ముఖం చూడలేకపోయాను.

మిస్త్రీ చూసి ఒకటే మాట అన్నాడు. "రింగులు గోడకి రాసుకోలేదు బాబూ. నూనె మరీ జారుడు, పని మరీ తక్కువ." హోనింగ్ రాయి సిలిండర్ గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడుతుంది. కొత్త రింగు ఆ గీతల మీద కాస్త అరిగి గోడతో కలిసిపోవాలి. రింగుని గోడకి అదిమేది దాని వెనక చేరే మంట ఒత్తిడి. ఐడిల్‌లో ఆ ఒత్తిడి ఎక్కడిది? గోడ నున్నగా మెరుగు పట్టేస్తుంది, రింగు దాని మీద జారుతూనే ఉంటుంది, నూనె పైకి పాకి కాలిపోతుంది.

ఆ ఖరీదైన నూనె వంచేసి సాదా మినరల్ 15డబ్ల్యూ-40 పోశాడు. నాలుగు రోజులు జయపురం నుంచి కొరాపుట్, కొరాపుట్ నుంచి జయపురం. ఎక్కేటప్పుడు గేరు మూడులో కట్టేసి సగం యాక్సిలరేటర్, మూడు వేలు మూడున్నర వేల ఆర్‌పీఎం దాటకుండా. దిగేటప్పుడు కాలు తీసేసి గేరులోనే వదిలెయ్యడం. అప్పుడు సిలిండర్లో వాక్యూమ్ పుట్టి రింగుల దగ్గర కాస్త నూనె పైకి లాగి అరిగిన పొడిని కడుగుతుందట. ఫుల్ బూస్ట్ మాత్రం, అంటే సూపర్‌ఛార్జర్ పూర్తి బలంతో గాలి తోసేలా తొక్కడం, వద్దన్నాడు. మూడో రోజుకి పొగ పలచబడింది, నాలుగో రోజు బస్సువాడు హారన్ కొట్టలేదు. 300 కిలోమీటర్లకి నూనె, ఫిల్టర్ మార్చాం. ఫిల్టర్‌లో సన్నటి మెరుపు పొడి ఉంది. మళ్లీ మినరల్‌తోనే 1,500 దాకా నడిపి, ఆ తర్వాత మాన్యువల్లో చెప్పిన మెర్సిడెస్ వాళ్ల 229.5 అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-40 సింథటిక్ పోశాం. ఫిల్టర్‌తో కలిపి ఐదున్నర లీటర్లు పట్టింది.

తప్పు ఆయిల్‌దా, ఐడిల్‌దా? బావ ఇప్పటికీ ఆయిల్‌దే అంటాడు. నేను బావదే అంటాను.

ఫ్యాక్టరీ నుంచి కొన్ని కార్లు సింథటిక్‌తోనే వస్తున్నాయి కదా అని మీరంటారు. వస్తాయి. అక్కడ ప్లేటో హోనింగ్ చేస్తారు, గరుకు కొనలు ముందే కోసేస్తారు, రింగుకి మిగిలే పని కొంచెమే. మన లేత్ షాపు రాయికి ఆ నాజూకు లేదు.

గ్రేడు సంగతి. మీరు కొట్టువాణ్ణి అడక్కండి, ఇంజిన్ కట్టినవాణ్ణి అడగండి, బేరింగ్ క్లియరెన్స్, అంటే క్రాంక్‌కీ షెల్‌కీ మధ్య సందు, ఎంత ఇచ్చావని. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) అడ్డుకొలత అంగుళానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, అని పాత లెక్క, అంటే రెండు అంగుళాలకి రెండు థౌ. కంపెనీ కొలతల్లోనే ఉంటే మాన్యువల్లో ఉన్న గ్రేడే. కావాలని వదులుగా కట్టి ఉంటే ఒక మెట్టు పైకి, అంతే. వంద డిగ్రీల దగ్గర డబ్ల్యూ వెనక 40 ఉన్న నూనె చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు, 50 అయితే అక్కణ్ణించి 21.9 లోపు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎలా పారుతుందో చెప్పేది. ఇవి తెలియకుండా "ఘాట్ బండికి చిక్కటి నూనే పొయ్యాలి" అని పెట్రోలు బంకు దగ్గర లారీవాళ్లు చెప్పిందే వేదం మా వైపు. డిసెంబరులో ఘాట్ పైనున్న సెమిలిగుడ పొద్దుటి చలికి 20డబ్ల్యూ-50 పోసిన బండి స్టార్ట్ చేసి వినండి, ట్యాపెట్లు ఎంతసేపు ఏడుస్తాయో.

ఇంకొకటి. సూపర్‌ఛార్జర్‌కి ప్రత్యేకం ఏదైనా నూనె పొయ్యాలేమో అని టెన్షన్ పడుతున్నారనిపించింది. బావ కారులో ఉన్న ఈటన్ కంపెనీ రకం వాటికి గేర్ల దగ్గర సొంత నూనె వేరే ఉంటుంది, ఇంజిన్ నూనె అక్కడికి పోదు. కొన్ని సెంట్రిఫ్యూగల్ రకాలు మాత్రం ఇంజిన్ నూనెనే వాడుకుంటాయి. మీది ఏ రకమో ముందు చూడండి. టర్బో అయితే దాని షాఫ్ట్ ఇంజిన్ నూనె మీదే తిరుగుతుంది, అది వేరే కథ. డబ్బా కొనేటప్పుడు మూత కింద సీలు మీరే చింపండి. ఖాళీ డబ్బాల్లో పాత నూనె వడగట్టి అమ్మేవాళ్లు సరిహద్దుకి అటూ ఇటూ ఉన్నారు.

ఇప్పుడు ఆ కారు బాగానే తిరుగుతోంది. బావ సంపు కింద మందపాటి ఇనుప రేకు కొట్టించాడు. మూడో గేరులో ఆ రేకు గల్లుమంటోంది. రబ్బరు ముక్కలు పెట్టి చూశాం, వేడికి కరిగిపోయాయి. అది ఎలా ఆపాలో మీకు తెలిస్తే నాకు చెప్పండి.