సందేహాలు – సమాధానాలు: పచ్చ ఏ రంగు?

సందేహం: శ్రావణ శుక్రవారం పూజకు పచ్చ చీర కావాలని మా అత్తగారు చెబితే మా అబ్బాయి ఆకుపచ్చ చీర తెచ్చాడు. ఆవిడ అడిగింది పసుపు రంగు చీర. ఆవిడ చామంతినీ పచ్చపువ్వు అంటారు, అరటాకునూ పచ్చగా ఉందంటారు. పచ్చ అంటే ఆకుపచ్చ ఒక్కటేనని మా అబ్బాయి వాదన. పాతకాలం వాళ్ళ కళ్ళకు ఈ రెండు రంగులూ ఒకటిగానే కనబడేవా? అసలు ఒక రంగు అందరికీ ఒకేలా కనబడుతుందా? పచ్చ అనే మాటను ఏ రంగుకు వాడాలి? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: ముందు మీ అత్తగారి పక్షాన ఒక మాట. ఆవిడ కంట్లో లోపం లేదు, భాషలో అంతకన్నా లేదు. పెళ్ళి పందిట్లో మామిడాకునూ చామంతినీ ఒకదాని తరవాత ఒకటి గుచ్చి తోరణం కట్టే చేతులకు వాటి రంగుల తేడా తెలియదనుకోవడం అన్యాయం. మేనమామనూ మామ అంటాం, భార్య తండ్రినీ మామ అంటాం. అంతమాత్రాన ఇద్దరు మనుషులు మనకు ఒక్కరుగా కనబడరు గదా! రెండింటికి ఒకే పేరుండడం వేరు, రెండూ ఒకటిగా కనబడడం వేరు.

ఈ పొరపాటు మహాపండితులూ చేశారు. తరవాతి కాలంలో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన గ్లాడ్‌స్టన్ 1858లో ప్రాచీన గ్రీకు కవి హోమరు కావ్యాలమీద పెద్ద గ్రంథం రాసి, సముద్రాన్ని ద్రాక్షసారాయితో పోల్చిన ఆ గ్రీకులకు రంగులను చూసే శక్తి ఇంకా పక్వం కాలేదేమోనని ఊహించాడు. జపానువాళ్ళు నేటికీ కూడలిలో వెలిగే ఆకుపచ్చ దీపాన్ని ‘ఆవో’ అంటారు. ఆకాశానికీ అదే మాట. వాళ్ళకు ఆకాశం, దీపం ఒకే రంగులో కనబడుతున్నాయని ఎవరైనా అంటారా?

ఇక పచ్చ సంగతి. పచ్చ మొదట రంగు పేరు కాదని నా గట్టి నమ్మకం. ఒక మాట లోపలి అర్థం తెలియాలంటే దాని పర్యాయపదాలను కాదు, దానికి ఎదురు నిలిచే మాటను వెతకాలి. తెలుపుకు ఎదురు నలుపు. మరి పచ్చకు ఎదురు ఏ రంగు? ఏ రంగూ కాదు, ‘ఎండు’. పచ్చిమిరపకాయకు ఎండుమిరపకాయ, పచ్చికట్టెకు ఎండుకట్టె, పచ్చిచేపకు ఎండుచేప, పచ్చగడ్డికి ఎండుగడ్డి. ఇద్దరి మధ్య పగ ఎంతుందో చెప్పడానికి ‘పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది’ అంటాం. అక్కడ గడ్డి రంగుతో ఎవరికి పని? తడిగడ్డి అంటుకోదు, అదీ అంటుకునేంత మంట ఉందని చెప్పడం. పచ్చికొబ్బరి తెల్లన, పచ్చిపాలు తెల్లన, పచ్చిమాంసం ఎర్రన. వీటిలో ఏదీ పసుపు కాదు, ఆకుపచ్చా కాదు. ఉన్నదల్లా తడి, జీవం, ఇంకా నిప్పు సోకని తాజాతనం. పచ్చిపుండు మానని పుండు. పచ్చిబాలింత కాన్పు జరిగి నాలుగు రోజులైనా కానిది. పచ్చి అబద్ధం ఏ పాకమూ పట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పిన అబద్ధం.

మూలంలో ఇది ‘పచ్–’, ‘పస్–’ అనే ద్రావిడ ధాతువు. ఆకును నలిపితే కారేది పసరు. ఇంకా లేతగా ఉన్న బిడ్డ పసివాడు, పసికందు. దుంపల్లో రంగు దాచుకున్నది పసుపు, లోహాల్లో మెరిసేది పసిడి, ఒంటి మీద ఆ మెరుపు పసిమి. పచ్చిక, పసిరికపాము ఈ ఇంటివే. పచ్చడి కూడా ఈ ఇంటి పిల్లే అని నేను నమ్ముతాను; ఉడికించని వాటితో నూరేదే అసలు పచ్చడి. అయితే ఈ వరసలోకి పసులను, పసరాలను కలిపేయకండి. పచ్చిక మేస్తాయి కనుక పసులు అని ఈమధ్య ఎవరో అందంగా రాయగా చదివాను. అది సంస్కృత పశుశబ్దం నుంచి వచ్చిన మాట, ఈ కుటుంబానికి చుట్టం కూడా కాదు. వ్యుత్పత్తి అందంగా ఉన్నంత మాత్రాన నిజమైపోదు.

వరి నారు మొలిచినప్పుడు పసిమి కలిసిన లేతరంగు. నాటి నెల తిరిగేసరికి ముదురాకు రంగు. వెన్ను వంగాక బంగారు రంగు. ఈ మూడు దశల్లోనూ ‘చేను పచ్చగా ఉంది’ అనే అంటాడు రైతు. ఆయన చెబుతున్నది చేను బతికి ఉందని, నిండుగా ఉందని. ఎండితేనే ఆయనకు మాట మారుతుంది. పచ్చని సంసారం, నాలుగు కాలాలపాటు పచ్చగా ఉండమనే దీవెన అక్కడి నుంచి వచ్చినవే. పచ్చబొట్టు చూడండి: చర్మం మీద నీలం కలిసిన నలుపుగా కనబడే గుర్తు. దాన్ని మనమూ పచ్చే అన్నాం, తమిళులూ పచ్చ కుత్తడమే అన్నారు.

తమిళంలో పచ్చై అంటే నేడు ఆకుపచ్చ, పచ్చిది కూడా. పసుపు రంగుకు వాళ్ళు మంజళ్ అనే వేరే మాట పెట్టుకున్నారు. కానీ మేలిమి బంగారాన్ని వాళ్ళూ పసుంపొన్ అనే అంటారు. సంగకాలపు కవితల్లో ప్రియుడు దూరమైన నాయిక ఒంటికి వచ్చే పాలిపోయిన రంగు పేరు పసలై. అది ఆకుపచ్చ కాదు గదా! కన్నడిగుల నోట పకారం హకారమై హసిరు ఆకుపచ్చకు, హసి పచ్చిదానికి మిగిలాయి. మనం మాత్రం రెండు రంగులనూ ఒకే గూటిలో ఉంచుకున్నాం.

ఇది మన మోటుతనమని చిన్నబుచ్చుకునేవారు ఒకసారి సంస్కృతం వైపు చూడాలి. హరిత్తు అంటే ఆకుపచ్చ. అదే మూలం నుంచి హరిద్ర, అంటే పసుపు. దానికి దాయాదే హిరణ్యం, అంటే బంగారం. పచ్చ, పసుపు, పసిడి అని మనం నడిచిన దారినే, మనతో ఏ సంబంధమూ లేని ఆ భాషా కుటుంబమూ నడిచింది. గ్రీకుల ‘ఖ్లోరోస్’ కూడా ఈ సంస్కృత పదాలకు దాయాదే. దానికి లేతాకుపచ్చ, పాలిపోయిన పసుపు, తాజా అని మూడు అర్థాలూ ఉన్నాయి. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడి పాదం ఇది: ‘పీతో గౌరో హరిద్రాభః పాలాశో హరితో హరిత్’. పసుపు రంగుకు ఆయన చెప్పిన ఒక పేరు హరిద్రాభం, పసుపు కొమ్ము వంటిది. ఆకుపచ్చకు చెప్పిన పేరు పాలాశం, పలాశమంటే ఆకు. పసుపు, ఆకుపచ్చ! మన పల్లెవాళ్ళు చెప్పుకున్న గుర్తులే అమరంలో ఉన్నాయి. ఈ పాదం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నీలం సంగతి ఒక్క ముక్కలో. దానికి మనకు దేశి పేరు లేదు, నలుపే దాన్నీ మోసింది. నీలోత్పలం మనకు నల్లకలువ. అమరంలోనూ కృష్ణ, నీల, శ్యామ శబ్దాలు ఒకే వరసలో పర్యాయాలు. అందుకే పోతన ‘నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు’ అన్నాడు. క్యాలెండర్ బొమ్మలో నీలం పూసిన కృష్ణుణ్ణి చూసి కవి తప్పు రాశాడనుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

ఇక మీ అసలు ప్రశ్న, ఒక రంగు అందరికీ ఒకేలా కనబడుతుందా? ఇది వ్యాకరణం హద్దు దాటిన ప్రశ్న. మన కంటిలో రంగును పట్టే కణాలు మూడు రకాలు. వాటిలో ఎరుపును గాని ఆకుపచ్చను గాని పట్టే రకం లోపించినా, తేడాగా పనిచేసినా ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. డాల్టన్ అనే శాస్త్రవేత్త తన కంటికే ఈ లోపం ఉందని గుర్తించి 1794లో పండితసభలో చదివి వినిపించాడు. ఐరోపా సంతతి మగవాళ్ళలో నూటికి సుమారు 8 మందికి, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరికి ఇది ఉంటుంది. లోపం లేని కళ్ళు కూడా విడిపోవచ్చు. 2015లో ఒక గౌను ఫొటో లోకమంతా తిరిగింది. కొందరికి నీలం, నలుపు చారలు కనబడితే, పక్కనే కూర్చున్నవారికి తెలుపు, బంగారు చారలు కనబడ్డాయి. గౌను నిజానికి నీలం, నలుపే. గౌను మీద పడే వెలుగు ఎలాంటిదని ఎవరి మెదడు ఎలా ఊహించిందో దాన్నిబట్టి ఆ తేడా.

భాషకూ ఇందులో కొంత చేయి ఉంది, కొంతే. రష్యన్ భాషలో లేత నీలానికి, ముదురు నీలానికి రెండు వేరు పేర్లు. 2007లో వెలువడిన ఒక ప్రయోగంలో, రెండు ఛాయలు ఈ రెండు పేర్ల కింద విడిపడితే రష్యన్లు తేడాను కాస్త త్వరగా గుర్తించారు; ఇంగ్లీషువారిలో ఆ వేగం కనబడలేదు. పేరు కంటిని మార్చలేదు, కంటికి కొంచెం తొందర నేర్పింది. ఆ లెక్కన మీ అబ్బాయి పసుపును, ఆకుపచ్చను మీ అత్తగారికన్నా రెప్పపాటు ముందు విడదీస్తాడేమో. అంతకుమించి తేడా ఉంటుందని నేననుకోను.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందనే సామెత మీకు తెలిసిందే. మన తార్కికులు దాన్నే పీతశంఖమన్నారు. వాళ్ళ ఉదాహరణలో కామెర్లవాడు తెల్లని శంఖాన్ని పచ్చగా చూస్తాడు. శంఖం తెల్లనిదని ముందే ఎరిగినవాడు గనుక తప్పు తన కంటిదని ఒప్పుకుంటాడు. మరి పుట్టుకతోనే శంఖాన్ని పచ్చగా చూస్తూ, దాన్నే తెలుపు అని పిలవడం నేర్చుకున్నవాడి సంగతి? అతని మాటా మన మాటా ఒకటిగానే ఉంటాయి. లోపల కనబడేది ఒకటో కాదో మాటల ద్వారా తేల్చే దారి నాకు తోచడం లేదు.

ఇక ప్రయోగం. కచ్చితంగా చెప్పాల్సినచోట పసుపు, ఆకుపచ్చ అనండి. ఉత్త పచ్చ అన్నప్పుడు పక్కమాటే అర్థం చెబుతుంది. పచ్చసొన, పచ్చకామెర్లు, పచ్చజొన్న, పచ్చగన్నేరు అంటే పసుపు. పచ్చపెసలు, భరతునికి రామదాసు చేయించిన పచ్చల పతకం అంటే ఆకుపచ్చ. ‘పథకానికి పచ్చజెండా’ అని రాసిన పత్రికే మరో పేజీలో పసుపు జెండాల ఊరేగింపును ‘పచ్చజెండాల రెపరెపలు’ అంటుంది. చదివేవారు తికమకపడరు. పచ్చ అంటే ఆకుపచ్చ మాత్రమే అని పాఠాల్లో గీత గీయడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఆ గీత పుణ్యమా అని ‘ఊరి ఆకుపచ్చదనాన్ని కాపాడాలి’ అనే వాక్యాలు పుట్టుకొస్తున్నాయి. పచ్చదనం అనే నిండైన మాట ఉండగా దానికి ఆకు తగిలించడం దేనికి?

ఇంతకన్నా బాధ కలిగించేది మరొకటి. బట్టల దుకాణంలో నిలబడితే ‘ఎల్లో కలర్’, ‘గ్రీన్ కలర్’ తప్ప మరో మాట వినబడదు. చిలకపచ్చ, మామిడిపిందె రంగు, నెమలికంఠం, వంగపండు రంగు, ఉల్లిపొర రంగు అని చీరకు చీరకూ పేరు పెట్టిన ఆడవాళ్ళ భాష ఇది. ఆ పేర్లు పోతే తేడాలను గుర్తించే అలవాటూ సన్నగిల్లుతుందని నా భయం. మీ అత్తగారిని కూర్చోబెట్టి ఆవిడకు తెలిసిన రంగుల పేర్లన్నీ రాయించుకోండి. నాకూ ఒక ప్రతి పంపండి.

మీ అబ్బాయి తెచ్చిన చీర తిరిగి ఇచ్చేయనక్కర లేదు. అదీ పచ్చచీరే. ఈసారి మాత్రం ‘పసుపుపచ్చ’ అని చెప్పి పంపండి.