మా ఇంట్లో "ఏమన్నాడే?" అనే ప్రశ్న రాని సినిమా

ఈ మధ్య చూసిన కుటుంబ కథాచిత్రాల్లోనూ యానిమేషన్ చిత్రాల్లోనూ నచ్చినవేవి, నిరాశపరచినవేవి అని అడిగారు. నేను సినిమాలను శ్రద్ధగా అధ్యయనం చేసే మనిషిని కాను. నెలకు ఒకటో రెండో, అదీ ఎక్కువగా ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లోనే చూస్తాను. నా అభిప్రాయాలు చాలావరకు మేము సినిమా చూసే పద్ధతిలోంచే పుట్టాయి కాబట్టి ముందు దాని గురించి చెప్పాలి. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. చెవికి మిషన్ పెట్టుకున్నా, నేపథ్య సంగీతం హోరెత్తితే మాటలు ఆమెకు అందవు. అందుకని రెండు నిమిషాలకోసారి "ఏమన్నాడే?" అని మా తొమ్మిదేళ్ల అమ్మాయిని అడుగుతుంది, అది సొంత కవిత్వం కాస్త కలిపి చెబుతుంది.

కథాచిత్రాల్లో నాకు ఎక్కువగా నచ్చింది నందకిశోర్ ఈమాని తీసిన '35 - చిన్న కథ కాదు' (2024). తిరుపతిలో జరిగే ఈ కథలో ఒక పిల్లవాడికి లెక్కల్లో ఒక సందేహం పట్టుకుంటుంది: సున్నాకు విలువే లేనప్పుడు, అది ఒకటి పక్కన చేరగానే తొమ్మిది కంటే పెద్ద సంఖ్య ఎలా అవుతుంది? దానికి జవాబు దొరకనందువల్ల వాడు లెక్కలనే నమ్మడం మానేస్తాడు. వాడు మొద్దు కాదని, అడిగిన ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. పదో తరగతి దాటని తల్లి కొడుకు కోసం మళ్లీ లెక్కల పుస్తకం పట్టుకునే సన్నివేశాల్లో నివేతా థామస్ ఎక్కడా గొంతు పెంచలేదు, అందుకే అవి బాగా పండాయి. పరీక్షలు దగ్గరపడ్డాక కథ కొంత సాగింది. సినిమా అయిపోయాక మా అమ్మాయి అదే ప్రశ్న నన్ను అడిగింది. నేను పది అగ్గిపుల్లలను రబ్బరు బ్యాండుతో కట్టి, "కట్ట ఒకటి, విడి పుల్లలు ఏమీ లేవు, ఆ ఏమీ లేవన్న సంగతి చెప్పడానికే సున్నా" అని వివరించేసరికి అరగంట పట్టింది. మాస్టార్లను తేలికగా తీసిపారేయకూడదని ఆ రోజే అర్థమైంది.

రామ్ జగదీష్ దర్శకత్వంలో వచ్చిన 'కోర్ట్' (2025) అమ్మాయి నిద్రపోయాక చూశాము. 2013 నాటి విశాఖపట్నంలో, ప్రేమించిన నేరానికి, మైనర్లపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద కేసులో ఇరుక్కున్న పంతొమ్మిదేళ్ల కుర్రవాడి కథ అది. మంగపతిగా శివాజీ భయపెట్టినంతగా ఈ మధ్య ఏ ప్రతినాయకుడూ నన్ను భయపెట్టలేదు. కత్తులూ కటార్లూ లేకుండా, పెళ్లిళ్లలో కనిపించే పెద్దమనిషిలాగే ఉండి ఇంటి పరువు పేరుతో ఒక జీవితాన్ని నలిపేయడం చూస్తుంటే మన చుట్టాల్లో ఒకరిద్దరు గుర్తుకు రాక తప్పదు. అయితే చివరి వాదనలో సినిమా కథను పక్కన పెట్టి, ప్రేక్షకులకు చట్టం గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిన విషయం సరైనదే. కానీ అప్పటికే నాకు అర్థమైన దాన్ని మళ్లీ విప్పి చెబుతుంటే, మా అమ్మ పక్కన అనువాదకురాలిగా కూర్చున్న మా అమ్మాయే గుర్తొచ్చింది.

యానిమేషన్‌కు వస్తే, క్రిస్ శాండర్స్ తీసిన 'ది వైల్డ్ రోబో' (2024) మొదటి సగం అద్భుతంగా ఉంది. పిల్ల బాతుకు తినడం, ఈదడం, ఎగరడం నేర్పడాన్ని ఒక పనుల జాబితాగా భావించి మొదలుపెట్టిన రోబో తెలియకుండానే తల్లిగా మారుతుంది. చివర్లో వచ్చే రోబోల పోరాటం మాత్రం మామూలు సినిమాల వరసలోకి జారింది.

మా ఇంట్లో అందరూ ఒకేసారి, ఒకే సినిమాగా చూసినది 'ఫ్లో' (2024). లాత్వియా దేశానికి చెందిన గింట్స్ జిల్బలోడిస్ తీసిన ఈ సినిమా గంటన్నర కంటే కొంచెం తక్కువ నిడివి. ఇందులో ఒక్క మాట కూడా లేదు. వరద ముంచుకొస్తుంటే ఒక పిల్లి, కుక్క, పెద్ద పందికొక్కులాంటి కాపీబారా, కోతిని పోలిన లీమర్, పొడుగు కాళ్ల సెక్రటరీ పక్షి ఒక పడవలో చేరతాయి, అంతే కథ. ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తీసి, 2025లో ఆస్కార్ అందుకున్నారు. మొదట్లో జంతువుల బొచ్చు నునుపుగా, వీడియో గేమ్‌లా ఉందని మా అమ్మాయి పెదవి విరిచింది. పది నిమిషాలకు ఆ సంగతే మరిచిపోయింది. జంతువుల అరుపులకు నిజమైన జంతువుల గొంతులే వాడారట, కాకపోతే కాపీబారా గొంతు వినసొంపుగా లేదని దాని బదులు ఒంటె పిల్ల గొంతు పెట్టారట. ఇది తెలిశాక మా అమ్మాయి ఆ ఘట్టాలన్నీ మళ్లీ వెనక్కి తిప్పించింది.

ఆ మధ్యాహ్నం మా అమ్మ ఒక్కసారి కూడా "ఏమన్నాడే?" అనలేదు. పడవలోకి గాజు గోళాలూ అద్దమూ పోగు చేసుకునే లీమర్‌ను చూసి, "అచ్చం మా మేనత్తే, చిరిగిన సంచి కూడా పారేసేది కాదు" అని నవ్వింది. నీళ్లు మొదట కాళ్ల దగ్గరకు, తరువాత మెట్ల మీదకు, ఆపైన చెట్ల కొమ్మల దాకా పెరుగుతున్నప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయింది. అమ్మ పుట్టిల్లు కోనసీమలో ఒక లంక గ్రామం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలో వాళ్లు గేదెల పలుపులు కోసి వదిలేశారని, తాము గట్టెక్కాక చూస్తే ఇంటి కప్పు మీద పక్కింటి పిల్లి ఉందని, దాని దగ్గరకు ఎవరూ వెళ్లలేకపోయారని అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లలో మాకెవరికీ ఆ సంగతి చెప్పలేదు. తెర మీద ఎవరూ ఏమీ మాట్లాడకపోవడం వల్లనే ఆమెకు మాట్లాడే చోటు దొరికిందని నాకు అనిపించింది. మాటల ప్రవాహంగా సాగే సినిమా అయితే, వినబడని దాన్ని అందుకోవడంతోనే ఆమె ఓపిక అయిపోయేది.

ఇక అశ్విన్ కుమార్ తీసిన 'మహావతార్ నరసింహ' (2025) మాత్రం థియేటర్‌లో చూశాము. తెలుగువాళ్లకు ప్రహ్లాదుడి కథ కొత్తది కాదు. మన తొలి పూర్తి టాకీయే 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. మనుషుల నడకలో, ముఖకవళికల్లో బిగుసుదనం ఉన్నా, స్తంభం పగిలే ఘట్టం దగ్గర మా ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆ శబ్దానికి అమ్మ చెవి మిషన్ తీసి పర్సులో పెట్టుకుంది, కథ ఎలాగూ కంఠతా వచ్చు. అయితే యుద్ధ ఘట్టాలు బాగా సాగదీశారని ఆమెకు అనిపించింది. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు కళ్లు ఉరిమితేనే హాలు దడుచుకునేదని దారి పొడవునా చెప్పింది. ఆరేడేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు మాత్రం పేగులు చీల్చే ఘట్టం ఉందని గుర్తుంచుకుని వెళ్లండి. మా అమ్మాయే ఆ రెండు నిమిషాలూ నా చున్నీలో తల దాచుకుంది.