కల్వకుర్తి అంటే ఎన్టీఆర్ ఓటమి ఒక్కటేనా?

1989లో ఎన్టీఆర్‌ను కల్వకుర్తి ఎందుకు ఓడించింది, అది తప్ప ఆ నియోజకవర్గానికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా అని అడిగారు. మాది ఆ నియోజకవర్గంలోనే ఆమనగల్లు దగ్గర పల్లె. ఆ ఎన్నికలప్పుడు నాకు పదేళ్లు.

ముందు ఆ ఓటమి సంగతి. ముఖ్యమంత్రిగా ఉన్న మనిషి 3,568 ఓట్ల తేడాతో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. రాష్ట్రమంతా ప్రభుత్వం మీద కోపం ఉండింది, అది నిజమే. కానీ మా బాపు చెప్పిన కారణం వేరు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా గెలిచి, హిందూపురం ఉంచుకుని మిగతావి వదిలేశారు. పక్కనున్న నల్గొండలో మళ్లీ ఎన్నిక జరగడం మావాళ్లు చూశారు. ఈసారి కూడా ఆయన హిందూపురంలో నిలబడ్డారు కదా! "గెలిపిస్తే ఆయన అటే పోతడు, మనకు మళ్ల ఎలచ్చన్లే. దాసు అయితే ఈడనే ఉంటడు" అనేవాడు బాపు. దాస్ అప్పటికే మా ఎమ్మెల్యే, 1985లో గెలిచినవాడు. ఎన్టీఆర్ అంటే ప్రాణం పెట్టే ఇళ్లలోనే ఓట్లు చీలాయని నా నమ్మకం. మా ఇల్లే అందుకు సాక్ష్యం.

అంతకుముందు చరిత్ర జైపాల్‌రెడ్డిది. 1969 ఉప ఎన్నికతో మొదలుపెట్టి 1984 దాకా ఆయనే మా ఎమ్మెల్యే. ఎమర్జెన్సీ నచ్చక కాంగ్రెస్‌ను వదిలి, జనతా పార్టీ తరఫున 1978లోనూ, తెలుగుదేశం గాలి వీచిన 1983లోనూ గెలిచారు. పార్టీ మారినా ఊళ్లు ఆయన్ను వదల్లేదు. మా పెద్దవాళ్లు దీన్ని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, నాకూ గర్వమే.

ఆ తర్వాత ఆ నిలకడ పోయింది. 1994లో రాష్ట్రమంతా తెలుగుదేశం ఊడ్చేస్తే ఇక్కడ ఎడ్మ కిష్టారెడ్డి ఇండిపెండెంట్‌గా గెలిచారు. 1999లో తెలుగుదేశం నుంచి జైపాల్ యాదవ్, 2004లో కాంగ్రెస్ నుంచి మళ్లీ కిష్టారెడ్డి, 2009లో మళ్లీ జైపాల్ యాదవ్. 1989 తర్వాత వరుసగా రెండుసార్లు ఎవరినీ గెలిపించలేదు మావాళ్లు. దీన్ని కొందరు చపలత్వం అంటారు, నేను ఒప్పుకోను. నీళ్లు లేని మెట్ట ప్రాంతం మాది, సగం ఊరు వలసల్లో బతికేది. శ్రీశైలం వెనుక జలాలు ఎత్తిపోసే పథకానికి కల్వకుర్తి పేరే పెట్టారు గానీ మా వైపు చివరి పొలాలకు ఆ నీళ్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూపే. నీళ్లు తెస్తానన్నవాడు తేకపోతే, ఓటరు చేతిలో ఇంకేం ఉంటుంది?

ఇక 2014. ఆ ఏడాది జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కాంగ్రెస్ అభ్యర్థి వంశీచంద్‌రెడ్డి, బీజేపీ అభ్యర్థి ఆచారి. లెక్కింపు రోజు జూపల్లి బూత్ ఈవీఎం పనిచేయక ఫలితం ఆగిపోయింది. అక్కడ మళ్లీ పోలింగ్ పెట్టాక వంశీచంద్‌రెడ్డి గెలిచారు, తేలిన తేడా 78 ఓట్లు! నియోజకవర్గం మొత్తం మీద 78. ఆ ఏప్రిల్‌లో మా అక్కావాళ్లు హైదరాబాద్‌లో ఉండి, పని వదిలి రాలేక నాలుగు ఓట్లు వేయలేదు. అలాంటి ఇళ్లు మా వాడలోనే ఆరేడు. వాళ్లు ఎవరికి వేసేవాళ్లో నాకు తెలియదు, అడగలేదు కూడా. కానీ ఆ సాయంత్రం అక్క ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు.

ఆచారి ఆ తర్వాత కూడా రెండో స్థానమే. 2018లో టీఆర్ఎస్ తరఫున పోటీచేసిన జైపాల్ యాదవ్ చేతిలో 3,447 ఓట్లతో, 2023లో కాంగ్రెస్ అభ్యర్థి కసిరెడ్డి నారాయణరెడ్డి చేతిలో 5,410 ఓట్లతో ఓడారు. నేను ఆయన పార్టీ మనిషిని కాను. అయినా వరుసగా మూడుసార్లు గడప దాకా వచ్చి ఆగిపోవడం చూస్తే బాధేస్తుంది.

2018 నుంచి అక్కావాళ్లు పోలింగ్ ముందురోజే ఊరికి వచ్చేస్తున్నారు. హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో బస్సు సీటు దొరక్క కిందటిసారి ఆమనగల్లు దాకా నిలబడే వచ్చారు.