తప్పు పలికినా ఆపకండి

ప్రశ్న: నా వయసు 47. రాజమహేంద్రవరంలో ఉంటాం. చిన్నప్పుడు నాన్నగారి దగ్గరే వీణ నేర్చుకున్నాను, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చాను. పెళ్లయ్యాక అటకెక్కిన బొబ్బిలి వీణను పోయినేడు దించి, మెట్లకు కొత్తగా మైనం పట్టించి, తీగలు మార్పించాను. అమ్మ పోయాక నాన్నగారు మా దగ్గరే ఉంటున్నారు. ఆయన ఇంట్లో ఉంటే పక్క గదిలోంచే ‘ఊహూఁ, మళ్ళీ’ అంటారు. అందుకని సాయంత్రం ఆయన గుడికి వెళ్లాకే సాధన చేస్తాను. మోహన రాగ వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఎక్కడో ఒకచోట తడబడి, ఆపేసి మళ్ళీ మొదలుపెడతాను. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఏడుపొస్తుంది. నాకు ఏదైనా పక్కాగా ఉండాలి. సంక్రాంతికి మా అమ్మాయి వేసిన ముగ్గు వంకరగా ఉంటే చెరిపి నేనే వేశాను. ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో వాయించమంటున్నారు. రోజుకు ఎన్ని గంటలు సాధన చేస్తే తప్పులు పోతాయి? లేక వీణ ఎవరికైనా ఇచ్చేయనా?

జవాబు: అమ్మా, గంటల లెక్క మీకు అక్కర్లేదు. వీణ ఎవరికీ ఇవ్వొద్దు. ఈ రెండు ప్రశ్నలూ ఇంతటితో సరి.

నాన్నగారు గుమ్మం దాటాకే వీణ ముట్టుకుంటున్నానని రాశారే, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. సొంత ఇంట్లో, పెళ్లీడుకు వస్తున్న కూతురున్న ఇల్లాలు ఇలా దొంగచాటుగా సాధన చేసుకోవడమేమిటి? ఆయన గుడికి వెళ్లినా ఆయన ‘ఊహూఁ’ మాత్రం మీ గదిలోనే ఉంటోంది. ఆయన ఎక్కడ ఆపుతారో అక్కడ మీరే ఆగిపోతున్నారు. ఆ ఫోన్ రికార్డింగ్ కూడా ఆయన బదులు తప్పులు పట్టడానికే.

నాన్నగారిని నేను తప్పుపట్టడం లేదు. సరళీ వరుసలు, జంట వరుసలు నేర్చుకునే పిల్లను అడుగడుగునా ఆపాల్సిందే. చిన్నతనంలో వేలు తప్పుచోట అలవాటు పడితే తర్వాత దిద్దడం కష్టం. ఆయన గురువుగా తన పని చేశారు. ఆ పని ఎప్పుడో పూర్తయింది, ఆ సంగతి మీ ఇద్దరూ గమనించలేదు.

వీణ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మెట్టు మీద వేలు ఉంచితే చాలదు, గమకం పలకాలంటే, అంటే స్వరం ఊగాలంటే, తీగను లాగాలి. ఎంత లాగాలో చెవికే తెలుస్తుంది. ఇన్నేళ్లు వదిలేసిన ఎడమచేతి వేళ్లు మళ్ళీ కాయలు కాచి గట్టిపడాలి. అలాంటి చేతితో రెండో కాలంలో తడబడితే అది ఏడవాల్సిన విషయమే కాదు.

నా నమ్మకం ఒకటి సూటిగా చెబుతాను. తండ్రికి వేళకు అన్నం పెట్టడం, మందులు చూడడం, మర్యాదగా మాట్లాడడం కూతురి ధర్మం. అందులో ఇసుమంత తగ్గినా నేను ఒప్పుకోను. కానీ మీ చేతిలో పలికిన మోహన మీకు నచ్చాలా వద్దా అన్నది ఆయన తేల్చేదాకా కాచుకుని ఉండడం ధర్మంలోకి రాదు. అది భయం. ఆ భయాన్ని గౌరవం అనుకుంటూ మోస్తున్నారు, పైగా మీ అమ్మాయికి అందిస్తున్నారు. ముగ్గు చెరిపిన సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నాకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆ పిల్ల తెల్లవారుజామున లేచి, చలిలో వంగి చుక్కలు పెట్టింది. చెరిపినందుకు తప్పయిందని దాని ముందు ఒప్పుకోండి. ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇక నాన్నగారు ఇంట్లో ఉండగానే తలుపు తీసి వాయించండి. ముందుగా ఆయన దగ్గర కూర్చుని చెప్పండి: ‘నాన్నగారూ, మీరు నేర్పిన విద్య మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడిది నా సంతోషం కోసం. వినండి, కానీ మధ్యలో దిద్దకండి. సందేహం వస్తే నేనే మీ దగ్గరికొచ్చి అడుగుతాను.’ ఆయన నొచ్చుకుని రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. అప్పుడు కాళ్లమీద పడి మాట వెనక్కి తీసుకోకండి. కాఫీ ఎప్పటిలాగే ఇవ్వండి, వీణ కూడా ఎప్పటిలాగే వాయించండి.

వర్ణాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, చిన్నప్పటి గీతాలు మొదటి కాలంలో వాయించుకోండి. తప్పు పలికినా చివరిదాకా వెళ్లండి, వెనక్కి రావద్దు. రికార్డింగ్ మానేయండి. ఉగాదికి ఈ ఏడు కుదరదని అపార్ట్‌మెంట్ వాళ్లకు చెప్పేయండి. ఇప్పుడు మీకు స్టేజీ అంటే ఇంకో పరీక్ష, ఇంకో టెన్షన్.

దాని బదులు వచ్చే పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధనకు సిద్ధపడండి. అందరూ కలిసి పాడే గోష్ఠిగానంలో త్యాగరాజు పంచరత్న కీర్తనలు విద్వాంసులూ పాడతారు, నిన్నమొన్న నేర్చుకున్నవాళ్లూ పాడతారు. ఒకరి గొంతు జారితే పక్క గొంతు లాక్కుపోతుంది, ఎవరూ ఆగి వెనక్కి వెళ్లరు. అయిదూ రానక్కర్లేదు, శ్రీరాగ కీర్తన ‘ఎందరో మహానుభావులు’ ఒక్కటి వస్తే చాలు, పాడడానికైనా వాయించడానికైనా. నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. ఆయనకు ముందు వరసలో కుర్చీ చూపించి, మీరు వెళ్లి గోష్ఠిలో కూర్చోండి.