సొంత లారీకి టైర్ల ఖర్చు ముందే ఎలా తీసి పెట్టుకోవాలి?

టైర్ల డబ్బు నెలకింత అని కాదు, కిలోమీటరుకింత అని తీయండి. పది టైర్ల లారీ అనుకుందాం. టైరు 22,000 రూపాయలు, 70,000 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, పదింటికీ కలిపి కిలోమీటరుకు దాదాపు 3 రూపాయల 15 పైసలు. విజయవాడ నుంచి చెన్నై 450 కిలోమీటర్లు వేసుకున్నా, ఒక్క వైపు ట్రిప్పుకే 1,400 దాటుతుంది. కిరాయి చేతికి రాగానే అది వేరే ఖాతాలో వేసేయండి. డీజిల్ డబ్బుతో కలిపితే మిగలదు. మీ బిల్లులు చూసి ఈ లెక్క మార్చుకోండి.

కేసింగ్, అంటే పై రబ్బరు కింద ఉండే టైరు ఒళ్లు, బాగుంటే వెనక టైర్లకు రీట్రేడింగ్ చేయించండి, అంటే అరిగిన దాని మీద కొత్త రబ్బరు వేయించండి, ఖర్చు బాగా తగ్గుతుంది. ముందు టైర్లు మాత్రం కొత్తవే వేయండి. అక్కడ పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు, ప్రాణాల మీదికి వస్తుంది.

పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. వెనక జంటలో లోపలి టైరును చాలామంది వదిలేస్తారు, మొదట పాడయ్యేది అదే. ముందు టైరు మీద అరచేత్తో అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా, వెనక్కి రాస్తే రంపంలా గరుగ్గా తగిలితే వెంటనే అలైన్‌మెంట్ చేయించండి, అంటే చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేయించండి.