రాడ్‌తో 70, డంబెల్స్‌తో 50: మిగతా 20 కిలోలు ఏమైనట్టు?

ప్రశ్న: సార్, నాకు 24 ఏళ్లు. బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువుని ఛాతీ మీద నుంచి పైకి తోయడం) రాడ్ బరువుతో కలిపి 70 కిలోలు, 8 రెప్స్, అంటే ఆపకుండా 8 సార్లు చేస్తాను. అది అయిపోయాక డంబెల్స్ పడితే చేతికి 25 కిలోలతో 8 రెప్స్ చేసేసరికే వణుకు వస్తోంది. రెండూ కలిపినా 50 కిలోలే కదా! 'డంబెల్స్‌తో ఎత్తిందే అసలు బలం, రాడ్ అంతా షో' అంటున్నాడు మా జిమ్‌లో ఒకతను. నిజమేనా? పైగా ఎడమ చెయ్యి ముందే ఆగిపోతోంది.
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రాడ్‌తో సెట్లన్నీ అయ్యాక డంబెల్స్ పడుతున్నానని మీరే రాశారు. అలిసిపోయిన ఛాతీతో ఎత్తిన 50ని, తాజాగా ఉన్నప్పుడు ఎత్తిన 70తో పోలిస్తే లెక్క ఎలా కుదురుతుంది? వచ్చే వారం ఒక రోజు వార్మప్ కాగానే డంబెల్స్‌తోనే మొదలుపెట్టండి.

అయినా 70 రాదు, రాకూడదు కూడా. 2011లో నార్వే పరిశోధకులు శిక్షణ ఉన్న కుర్రాళ్లతో ఒక్క రెప్‌కి గరిష్ఠంగా ఎంత ఎత్తగలరో చూశారు. రెండు డంబెల్స్ కలిపిన బరువు రాడ్ బరువు కంటే సుమారు 17 శాతం తక్కువ వచ్చింది. ఆ లెక్కన మీ 70కి 58, అంటే చేతికి 29. తాజాగా చేస్తే 27.5 దగ్గర తేలతారని నా అంచనా.

తేడా ఎందుకంటే, రాడ్ మీ రెండు చేతుల్నీ కలిపి కట్టేస్తుంది. పైకి తోస్తూనే మీకు తెలియకుండా చేతుల్ని పక్కలకీ తోస్తుంటారు. చేతులు రాడ్ మీద జారవు కాబట్టి ఆ తోపు మోచేతిని చాపడానికి పనికొస్తుంది, ట్రైసెప్స్ (పై చేతి వెనక కండరం) గట్టిగా సాయం పడుతుంది. డంబెల్స్‌తో అలా తోస్తే బరువు పక్కకి జారిపోతుంది. అందుకే ముంజేయి నిటారుగా నిలబెట్టాలి, దానికి బైసెప్స్ (పై చేతి ముందు కండరం) కూడా దిగాలి. ఆ పరీక్షలోనూ డంబెల్స్‌తో ట్రైసెప్స్ పని తగ్గింది, బైసెప్స్ పని పెరిగింది. ఛాతీ కండరం పని మాత్రం దాదాపు ఒకటే. మీ 20 కిలోలు ఎవరూ ఎత్తుకుపోలేదు, అందులో కొంత ట్రైసెప్స్‌ది, కొంత అలసటది. ఇక మీ జిమ్ పెద్దమనిషికి ఏం చెప్పాలి? రాడ్‌తో బరువు పెంచుకుంటూ పోవడం తేలిక, డంబెల్స్‌తో ఇంకాస్త కిందికి దిగొచ్చు. ఒకటి అసలు, ఒకటి షో అనడం కబుర్లకి బాగుంటుందంతే.

ఒక అనుమానం: ఆ 70లో రాడ్ బరువు 20 అని కలిపి ఉంటారు, అది నిజంగా 20 కిలోలేనా? ఒలింపిక్ రాడ్ అయితే 20, ఆడవాళ్లది 15. మన వీధి జిమ్‌లలో సన్నటి రాడ్లు అంతకంటే తేలిగ్గా ఉంటాయి, అందరూ 20 అనే కూడేస్తారు. బరువు చూసే మిషన్ మీద ఒకసారి ఉత్త చేతులతో, ఒకసారి రాడ్ పట్టుకుని నిలబడండి, తేలిపోతుంది.

25 నుంచి 27.5కి వెళ్తే మొత్తం మీద 5 కిలోలు పెరిగినట్టు, అంటే 10 శాతం. మీ జిమ్‌లో 25 తర్వాత నేరుగా 30 ఉంటే ఏకంగా 20 శాతం. అదే రాడ్‌కి అటూ ఇటూ 1.25 కిలోల ప్లేట్లు వేస్తే 70 మీద నాలుగు శాతం కూడా కాదు. అందుకని 25తోనే 12 రెప్స్ శుభ్రంగా వచ్చేదాకా ఆగండి. పైకి తీసేటప్పుడు నేల మీద నుంచి లాగకుండా, కూర్చుని తొడల మీద నిలబెట్టుకుని, మోకాళ్లతో తన్నుతూ వెనక్కి వాలండి. సగం బలం అక్కడే ఖర్చు చేసేసుకుంటున్నారు చాలామంది.

ఎడమ చెయ్యి గురించి టెన్షన్ వద్దు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో ఇది మామూలే, రాడ్ దాన్ని కప్పిపుచ్చుతుంది. ఎడమ చెయ్యి ఎనిమిది దగ్గర ఆగితే కుడి చెయ్యి కూడా ఎనిమిదికే ఆపండి. భుజంలో పోటు, వేళ్లలో తిమ్మిరి ఉంటే మాత్రం జిమ్ మానేసి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి.