"రేపు చూద్దాం" అనొద్దు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ మామగారు పరీక్షలన్నీ అయ్యి ఇంటికొచ్చారని తెలిసి మనసు కుదుటపడింది. ఆ రోజు ఫోన్‌లో నీ మీద కేకలేశాను, ఏమీ అనుకోకు. చేతిలో చెంచా జారిపోయింది, పది నిమిషాలు మాట ముద్దగా వచ్చింది, మళ్లీ మామూలైపోయారు, రేపు వీలు చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తాం అన్నావు. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసినన్నాళ్లూ ఆ "రేపు" విని విని విసిగిపోయినదాన్ని. అందుకే గొంతు లేచింది. ఫోన్‌లో హడావిడిగా చెప్పినవీ, చెప్పలేకపోయినవీ ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆయనకు వచ్చినదాన్ని మినీ స్ట్రోక్ అంటారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడి, కాసేపటికి దానంతటదే కరిగిపోతుంది. మనిషి మామూలుగా లేచి తిరుగుతాడు కాబట్టి ఇంట్లోవాళ్లు నీరసమనో, నిద్ర చాలలేదనో సరిపెట్టుకుంటారు. కానీ దాని వెనకాలే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. తగ్గిపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలని నేను పట్టుబట్టింది అందుకే.

ఇక ముందు ఏం గమనించాలంటే, అన్నిటికంటే ముఖ్యం "ఉన్నట్టుండి" అన్నది. నిమిషం క్రితం బాగున్న మనిషికి మూతి ఒక పక్కకి లాగేస్తుంది. అనుమానం వస్తే పళ్లు కనపడేలా నవ్వమను, ఒక పక్క పెదవి కదలకపోతే తెలిసిపోతుంది. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకోమను. పది లెక్కపెట్టేలోపు ఒక చెయ్యి మెల్లగా కిందికి దిగుతుంది, అరచెయ్యి లోపలికి తిరిగిపోతుంది. ఆయనకది తెలియదు, చూస్తున్న నీకు తెలుస్తుంది. తర్వాత ఏదైనా చిన్న వాక్యం చెప్పి తిరిగి చెప్పమను. మాట ముద్దగా రావచ్చు, సంబంధం లేని మాటలు రావచ్చు, నువ్వు చెప్పింది అర్థం కాకపోవచ్చు. ఉన్నట్టుండి ఒక కంటికి చూపు పోవడం, ఒకటి రెండుగా కనపడటం, నడుస్తుంటే ఒక పక్కకి తూలిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా విరుచుకుపడటం కూడా ఈ కోవలోవే. ఇవన్నీ కలిసి రావాలని చూడకు. ఒక్కటి కనపడినా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాల్సిందే.

చాలాసార్లు నొప్పి ఉండదు, అదే వచ్చిన చిక్కు. గుండెల్లో నొప్పి అంటే ఎవరైనా పరుగెత్తుతారు. చెయ్యి తిమ్మిరెక్కిందంటే కాసేపు పడుకో తగ్గిపోతుంది అంటారు. పైగా ఆ మనిషే "నాకేం కాలేదు" అని కసురుకోవచ్చు. మెదడుకి కుడివైపు దెబ్బ తగిలితే, ఎడమ చెయ్యి పడిపోయిన సంగతి కొందరికి అసలు తెలియదు. మా వార్డులో ఒకాయనకి ఎడమ చెయ్యి మంచం అంచు మీంచి వేలాడుతోంది. ఆ చెయ్యి ఎత్తండి అంటే, నా వైపు విసుగ్గా చూసి "ఎత్తాను కదమ్మా" అన్నాడు. కాబట్టి మీ మామగారు వద్దన్నా వినకు. కోడలు మొండిదని అనుకుంటే అనుకోనీ.

లక్షణం కనపడగానే గడియారం చూసి టైము రాసిపెట్టుకో. ఆస్పత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే, "చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అని. జవాబు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, అక్కడే వాదులాట మొదలవుతుంది! రాత్రి పదింటికి బాగానే పడుకుని, పొద్దున ఆరింటికి చెయ్యి పడిపోయి లేస్తే, లెక్క పదింటి నుంచే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ మామూలుగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తారు, స్కాన్‌లో అనుకూలంగా ఉంటే కొందరికి 24 గంటల వరకూ చేస్తారు. అలాగని గంటలున్నాయి కదా అని నింపాదిగా బయల్దేరకు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు. టైము దాటిపోయిందని ఇంట్లో ఉండిపోవడమూ తప్పే. పనికొస్తుందో లేదో స్కాన్ చూసి వాళ్లు తేలుస్తారు.

అంబులెన్స్ వచ్చేలోపు చేసేది చాలా తక్కువ. వాంతి వస్తున్నా, మత్తుగా ఉన్నా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో గుక్కెడు నీళ్లు కూడా పొయ్యకు, మింగే శక్తి తగ్గి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ అసలే వద్దు. గడ్డ అడ్డుపడిందో, నాళం చిట్లి రక్తం కారుతోందో సి.టి. స్కాన్ తీస్తే తప్ప తెలియదు. నాళం చిట్లి ఉంటే ఆ మాత్ర చెరుపు చేస్తుంది. బీపీ ఎక్కువ చూపిస్తోందని ఇంకో మాత్ర వెయ్యకు. ఒక్కసారిగా దించితే మెదడుకి అందే కాస్త రక్తమూ తగ్గిపోతుంది. షుగర్ మిషన్ ఇంట్లో ఉంటే ఒక చుక్క చూడు, షుగర్ బాగా పడిపోయినా ఇలాగే కనపడుతుంది. కానీ ఆ పేరుతో ఆలస్యం చెయ్యకు.

స్కాన్ లేని చిన్న క్లినిక్‌కి తీసుకెళ్తే గంట వృథా. రాత్రీ పగలూ స్కాన్ తీసి, పక్షవాతానికి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఈ వారంలోనే కనుక్కుని, దాని నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ వెయ్యి. మామగారి మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన పర్సులో పెట్టు. ముఖ్యంగా రక్తం పలచన చేసే మాత్రలు. అవి ఏ పూట వేసుకున్నారో తెలియక డాక్టర్లు ఇంజెక్షన్ ఇవ్వడానికి తటపటాయిస్తారు. మీ అత్తగారికీ, పిల్లలకీ కూడా ఆ చేతులు చాపే పరీక్ష నేర్పు. ఇంట్లో నువ్వు లేని పూట కూడా ఉంటుంది.

డాక్టరు గుండె లయ తప్పుతోందేమోనని ఒక రోజంతా మిషన్ కట్టి చూడమన్నారని చెప్పావు. అది వాయిదా వెయ్యకండి, లయ తప్పే గుండెలో గడ్డలు కట్టి మెదడుకి వెళ్తుంటాయి. రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ